నెత్తురు మనది, రిపోర్టు ఎవరిది?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్ళ ఆరోగ్య చరిత్ర అనగానే చాలామంది చలిజ్వరాల లెక్కలతో మొదలుపెడతారు. ఏ ఏడు ఎన్ని కేసులు, ఎన్ని చావులు, ఎన్ని ఆసుపత్రులు, ఎందరు డాక్టర్లు. ఆ లెక్కల వెనక ఉన్న ఒక చిన్న వస్తువు గురించి నేను రాయదలచుకున్నాను. అది పరీక్ష కాగితం. వేలు గుచ్చి నెత్తురు తీసుకున్నాక అందులో ఏముందో రాసే అరచేయంత చీటీ. నెత్తురు ఇచ్చిన మనిషికి ఆ చీటీ చేరిందా, చేరకపోతే ఎక్కడ ఆగింది అని అడుగుతూ వెళితే ఈ ప్రాంతపు చరిత్ర ఇంకో రకంగా కనిపిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళ చరిత్ర.

పరీక్ష అంటే తెలుసుకోవడం. ఎవరి శరీరం గురించి ఎవరు తెలుసుకున్నారు, తెలిసినదాన్ని ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పకుండా అట్టే పెట్టుకున్నారు అన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న. మన శరీరాల మీద మన హక్కు గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. కానీ ల్యాబు కిటికీ దగ్గర ఆ హక్కు ఏమవుతోందో అంతగా పట్టించుకోలేదు.

ఈ కథ తెలుగు నేల మీద చాలా ముందే మొదలైంది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు కోసి చూస్తే మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు. తన నెత్తురు తాగిన దోమలో ఏం దొరికిందో హుసేన్‌ఖాన్‌కు ఎవరైనా కూచోబెట్టి చెప్పి ఉంటారా? చరిత్ర పుస్తకాల్లో అతని అణాల లెక్క ఉంది గానీ ఆ ప్రశ్నే లేదు. నెత్తురు ఇచ్చేవాడు ఒకడు, దాన్నిబట్టి తెలుసుకునేవాడు ఇంకొకడు అన్న ఏర్పాటు అప్పుడే అంత సహజంగా కుదిరిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. అప్పటికి భద్రాచలం తాలూకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. సరిహద్దు గీతలు మారాయి గానీ ఊళ్ళు అవే. గోదావరి, శబరి ఒడ్లు, కోయ గూడేలు, కొండరెడ్ల ఊళ్ళు, పోడు చేలు, వానాకాలం తెగిపోయే దారులు.

కొత్త కార్యక్రమంలో ప్రధానమైన పని స్లైడు తీయడం. పదిహేను రోజులకోసారి ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి జ్వరం ఎవరికని అడిగేవాడు. జ్వరం ఉన్నవాళ్ళ వేలు గుచ్చి గాజు పలక మీద ఒక మందపు పూత, ఒక పలచని పూత పూసేవాడు. అక్కడికక్కడే నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించి వెళ్ళేవాడు. స్లైడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి, అక్కడ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. క్రిమి కనిపిస్తే ఆ కబురు మళ్ళీ గూడేనికి రావాలి. అప్పుడు ప్రైమాక్విన్‌తో పూర్తి వైద్యం. స్లైడు వెళ్ళడానికి ఒక మనిషి సంచి చాలు. కబురు తిరిగి రావడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. అప్పటికి జ్వరం తగ్గి ఉండేది, లేదా ముదిరి ఉండేది.

ఈ ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. గర్భిణికి ఫాల్సిపారం మలేరియా వస్తే నెత్తురు విరిగిపోతుంది, కడుపు పోవచ్చు, బిడ్డ బరువు తగ్గి పుట్టవచ్చు. పైగా ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు. అంటే స్లైడులో ఏముంది అన్న ప్రశ్నతో పాటు స్లైడు ఎవరిది, ఆమె ఏ స్థితిలో ఉంది అన్నది కూడా తెలియాలి. ఇంటింటికీ తిరిగేవాడు మగవాడు. అతను వచ్చే వేళకు ఆడవాళ్ళు చేలోనో, అడవిలో ఆకు కోతలోనో, తునికాకు కల్లం దగ్గరో ఉంటారు. ఇంట్లో ఉన్నా నెల తప్పిందని పరాయి మగవాడికి చెప్పుకోరు.

ఇంకో సంగతి కూడా ఉంది. కార్యక్రమం తన పనిని కొలుచుకునే కొలబద్దల్లో ఒకటి, ఏటా జనాభాలో కనీసం నూటికి పదిమంది నెత్తురు పరీక్షించామా అన్నది. అంటే స్లైడు తీస్తే కార్యకర్త లక్ష్యం నెరవేరినట్టే. ఫలితం ఆమెకు చేరిందా అన్నదానికి అటువంటి కొలబద్ద లేదు. పైకి వెళ్ళే అంకెకు రిజిస్టరులో గడి ఉంది, కిందికి రావలసిన మాటకు గడి లేదు. దేశంలో 1965లో లక్షకు దిగిన మలేరియా కేసులు 1976 నాటికి 64 లక్షలు దాటాయి. దానికి కారణాలు చాలా చెప్పారు. దోమలు మందుకు లొంగకపోవడం, నిధుల కొరత, నిర్లక్ష్యం. గుడిసెలో జ్వరంతో ఉన్న మనిషిని ఆ సమాచారానికి సొంతదారుగా చూడకపోవడం కూడా అందులో ఉందని నా అభిప్రాయం. తన జ్వరం పేరేమిటో తెలియని మనిషి రెండోసారి వేలు ఎందుకు చాపుతుంది?

ఈ పరిస్థితిని నిజంగా మార్చినది ఒక చిన్న పరికరం. 2000 తరవాతి దశకంలో మారుమూల ప్రాంతాలకు వచ్చిన త్వరిత పరీక్ష కిట్. ఒక చుక్క నెత్తురు, కొన్ని చుక్కల ద్రావకం, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. గీత పడిందో లేదో జ్వరం వచ్చిన మనిషే చూడొచ్చు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక దాన్ని చేతపట్టుకున్నది ఆశా కార్యకర్త. ఆ ఊరి మనిషి, ఆడమనిషి, ఆ భాష మాట్లాడే మనిషి. నెల తప్పిందా అని అడగగలదు, జవాబు వినగలదు. జీతం లేకుండా పనికింతని ఇచ్చే పారితోషికంతో ఆమె చేత ఈ పని చేయించుకోవడం వేరే అన్యాయం, దాని గురించి విడిగా రాయాలి. అయినా తన నెత్తుటి ఫలితాన్ని తన వాకిట్లో, తన కళ్ళతో చూసే అవకాశం గూడెం స్త్రీకి వచ్చింది అప్పుడే. హుసేన్‌ఖాన్ తరవాత వంద సంవత్సరాలకు పైనే పట్టింది.

అదే కాలంలో ఇంకొక నెత్తురు ఇంకొక దారిన పోయింది. 1998 నుంచి దేశమంతటా ఎయిడ్స్ నిఘా సర్వేలు నడిచాయి. గర్భిణులు ఆసుపత్రికి వచ్చినప్పుడు సిఫిలిస్ పరీక్షకని నెత్తురు తీసేవారు. మిగిలిన నెత్తుటికి పేరు తీసేసి, అంకె వేసి, హెచ్‌ఐవి పరీక్ష చేసేవారు. ఎవరిదో తెలియకుండా చేయడమే ఆ పద్ధతి, కాబట్టి ఫలితం ఆమెకు చెప్పే దారి ఉండదు. ఆంధ్రప్రదేశ్ ఎక్కువ వ్యాప్తి ఉన్న రాష్ట్రాల్లో ఒకటని దేశానికి చెప్పింది ఆ గర్భిణుల నెత్తురే. పేరు బయటపడకుండా కాపాడటానికే అలా చేశామని వాదించారు. ఆ వాదనలో నిజం ఉంది, ఎందుకంటే పేరు బయటపడితే వీధిన పడేది ఆమే. కానీ తల్లి నుంచి బిడ్డకు సోకకుండా మందు ఉందని తెలిశాక కూడా ఆ అంకెల వెనకున్న స్త్రీలకు ఫలితం వెళ్ళే దారి లేకుండా సర్వే నడిపించడం న్యాయమేనా అన్న ప్రశ్న ప్రపంచమంతటా లేచింది. 2002 నుంచి మన దేశంలో గర్భిణులకు విడిగా సలహా, పరీక్ష, మందు ఇచ్చే కార్యక్రమం పెరిగింది. అప్పుడు రెండో సమస్య వచ్చింది. ఫలితం ఆమెకంటే ముందు అత్తకో, భర్తకో, వరండాలో కూచున్న నలుగురికో తెలిసిపోవడం. మనకు కావలసింది ఫలితం చెప్పడమొక్కటే అనుకుంటే సరిపోదని హెచ్‌ఐవి మనకు నేర్పింది. ముందుగా ఆమెకు చెప్పాలి, ఆమె వద్దంటే ఇంకెవరికీ చెప్పకూడదు.

ఆ రోజుల్లో ఒక కోయ గర్భిణితో నేను ఒక ఆసుపత్రికి వెళ్ళాను. పేరు రాయను. తెల్లవారుజామున బయలుదేరి, కొంత నడిచి, కొంత జీపులో వచ్చింది ఆమె. నెత్తురు ఇచ్చి మధ్యాహ్నం దాకా కూచుంది. కిటికీ దగ్గరకెళ్ళి రిపోర్టు అడిగితే లోపలి మనిషి తల ఎత్తకుండా, “డాక్టరుకు పంపిస్తాం, నీకెందుకమ్మా, చదవగలవా ఏంది?” అన్నాడు. డాక్టరు ఆ పూటకు వెళ్ళిపోయాడు. రేపు రమ్మన్నారు. రేపు అంటే ఇంకో కూలి పోవడం, ఇంకోసారి జీపు ఛార్జీ, చిన్నపిల్లను ఇంకొకరి దగ్గర వదలడం. ఆమె ఏమీ అనలేదు. బయటికి వచ్చాక, “నాకు చదువు రాదు గానీ అక్కా, చెప్తే వినొస్తది గదా” అంది. రిపోర్టు హక్కు గురించి నేను చదివిన ఏ పత్రంలోనూ ఇంత స్పష్టమైన వాక్యం లేదు.

ఇక్కడే 2009 నాటి సంగతి చెప్పుకోవాలి. ఆ ఏడాది జూలైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పివి టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకునే టీకా. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, ఇక్కడ వేసిన టీకా మెర్క్ కంపెనీది. దాదాపు 14 వేలమంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలు వచ్చాయి. 2010 మార్చిలో మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడాయి. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని 2011లో చెప్పింది. హెచ్‌పివి టీకా ఎన్నో దేశాల్లో కోట్ల మందికి వేశారు, అది పనిచేస్తుందన్నది ఈ రోజు గట్టి సాక్ష్యం ఉన్న విషయం. నా పిల్లకైనా వేయిస్తాను. నా ప్రశ్న టీకా గురించి కాదు, కాగితాల గురించి. అదే విచారణలో ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లని తేలింది. 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక ఈ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది. పాత్ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. కల్పనా మెహతా తదితరులు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అక్కడ, పార్లమెంటు సంఘం నివేదికను న్యాయస్థానం చూడవచ్చా లేదా అన్నదే రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళిన ప్రశ్న అయింది. చూడవచ్చని 2018 మే 9న తీర్పు వచ్చింది. ఒక నివేదికను సుప్రీంకోర్టు తెరిచి చూడటానికే అంత విచారణ కావలసి వస్తే, భద్రాచలం హాస్టల్లో పిల్లను వదిలిన తల్లికి ఆ పిల్ల కాగితాలు చూడటం ఎంత దూరమో ఊహించుకోండి.

ఆ తల్లుల సంగతే తీసుకోండి. కూతుళ్ళకు ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేసిన చోట తల్లులకు అదే జబ్బు ఉందో లేదో చూసే క్రమబద్ధమైన ఏర్పాటు అప్పటికి లేదు. దేశవ్యాప్తంగా ఈ పరీక్షలకు మార్గదర్శకాలు వచ్చిందే 2016లో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు, 1.9 శాతం.

పరీక్ష చేసినా చెప్పని చరిత్ర కూడా ఈ జబ్బుకే ఉంది. 1976 నుంచి 1988 దాకా ఢిల్లీలో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో ఒక అధ్యయనం జరిగింది. ముఖద్వారంలో క్యాన్సరుకు ముందరి మార్పులు ఉన్న దాదాపు 1,100 మంది స్త్రీలను వైద్యం చేయకుండా గమనిస్తూ పోయారు. వాళ్ళ నుంచి రాతపూర్వకమైన అంగీకారం తీసుకోలేదని 1997లో బయటపడింది. నోటిమాటగా అడిగామన్నారు.

అమెరికాలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ముఖద్వార క్యాన్సరుతో బాల్టిమోర్ ఆసుపత్రికి వెళ్ళింది. ఆమెను అడగకుండా తీసుకున్న కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ వెళ్ళాయి. ఆమె ఆ ఏడే చనిపోయింది. 1980లలో హెచ్‌పివి 18వ రకాన్ని గుర్తించినప్పుడు అది ఆ కణాల్లోనూ కనిపించింది. భద్రాచలం పిల్లలకు వేసిన టీకాకు మూలం ఆ పరిశోధనలే. 1973లో పరిశోధకులు వచ్చి ఆమె బిడ్డల నెత్తురు తీసుకెళ్ళారు. తమకు క్యాన్సరు ఉందో లేదో చూస్తున్నారనుకుని ఆమె కూతురు ఫలితం కోసం ఎదురుచూసింది. అది ఆమె కోసం చేసిన పరీక్ష కానే కాదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన గూడెం కళ్ళ ముందు మెదిలింది. నెత్తురు ఎందుకు తీశారో తెలియక, ఏదో చెప్తారులే అని ఎదురుచూసే స్త్రీలు రెండుచోట్లా ఒకటే.

చట్టం ఏమంటోంది? రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెప్పాయి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే ప్రభుత్వ కార్యాలయం 48 గంటల్లో ఇవ్వాలి. 2017 హెచ్‌ఐవి చట్టం ఆమె అంగీకారం లేనిదే పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని చెప్పింది. అది 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఈ విషయంలో బయటి దేశాలు మనకన్నా మరీ ముందేమీ లేవు. ల్యాబు నుంచి నేరుగా తన ఫలితం తీసుకునే హక్కు అమెరికా రోగులందరికీ దక్కింది 2014లోనే. అంతకుముందు అక్కడి చాలా రాష్ట్రాల్లో కాగితం డాక్టరు చేతికే వెళ్ళేది.

ఈ ఇరవై ఏళ్ళలో మారినవి తక్కువేమీ కాదు. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2021 జూన్‌లో 19 జిల్లాలకు వచ్చింది. వాటిలో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో నెత్తురు ఇస్తే జిల్లా ల్యాబులో ఉచితంగా పరీక్ష చేసి ఫలితాన్ని ఫోనుకు పంపే ఏర్పాటు అది. ఇది పెద్ద మార్పు, కాదనలేం. కానీ ఫోను ఎవరిది? అదే జాతీయ సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తామే వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు 54 శాతం. మిగతావాళ్ళ ఫలితం భర్త ఫోనుకో, కొడుకు ఫోనుకో వెళుతుంది. అందులో గర్భపరీక్ష ఉండొచ్చు, హెచ్‌ఐవి ఉండొచ్చు. సిగ్నలు దొరకని గూడెంలో ఆ సందేశం సంత రోజున గానీ మోగదు.

సరిహద్దు మళ్ళీ అడ్డొచ్చింది. 2014లో పోలవరం కోసం భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి చుట్టూ ఉన్న ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఎటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉంది గానీ ఇప్పుడు వేరే రాష్ట్రం. చింతూరు, కూనవరం వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచీ స్త్రీలు ఇప్పటికీ భద్రాచలం ఆసుపత్రికే వస్తారు. ఆమె నెత్తుటి ఫలితం ఒక రాష్ట్రపు కంప్యూటరులో ఉంటుంది, ఆమె ఏఎన్‌ఎమ్ ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. 2005 తరవాత సల్వాజుడుం హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలకు అసలు చిరునామాయే ప్రశ్న. రెండు కంప్యూటర్ల మధ్య దారి వేసేదాకా ఆ స్త్రీ చేతిలో కాగితమే దారి.

2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆదివాసీలకు నెత్తురు పరీక్ష చేసి ఫలితం రాసిన కార్డు చేతికిస్తారు. ఇన్నాళ్ళూ నేను అడుగుతున్నది అదే కదా, సంతోషించాలి. సంతోషమే. కానీ పెళ్ళికి ముందు కార్డులు సరిచూసుకోమన్న ప్రచారం కూడా దానితో పాటే వచ్చింది. వాహకత అబ్బాయికీ ఉంటుంది, అమ్మాయికీ ఉంటుంది. కానీ పెళ్ళి తప్పిపోయినప్పుడు మాట పడేది ఎవరో మనకు తెలుసు. కార్డు ఇచ్చే మనిషి ఆమెతో విడిగా కూచుని, ఆమె భాషలో, వాహకత జబ్బు కాదని చెప్పకపోతే ఆ కార్డు ఆమెకు ముద్ర అవుతుంది.

అందువల్ల అడగవలసినవి నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. నెత్తురు తీసేముందు ఎందుకు తీస్తున్నారో చెప్పాలి. ఫలితం ఆమె చేతికి కాగితం మీద ఇవ్వాలి, ఫోను అదనం. చదవలేకపోతే చదివి వినిపించాలి, కోయలోనైనా, తెలుగులోనైనా, నలుగురిలో కాకుండా. ఎన్ని నమూనాలు తీశామని రాసే రిజిస్టరులోనే, ఎందరికి ఫలితం చెప్పామని ఇంకో గడి గీయాలి. మొదటి మూడూ మనుషుల మర్యాద మీద ఆధారపడినవి, నాలుగోది ఒక గీత. ఆ గీత ఉంటే ఏ నెల సమీక్షలోనైనా ఎవరైనా అడగగలరు, ఈ గడి ఎందుకు ఖాళీగా ఉందని.